పడవ మీద వేణ్ణీళ్ళు

అన్నవరం అనగానే రత్నగిరి, సత్యదేవుని వ్రతం, ఆకులో పొట్లం కట్టిన గోధుమనూక ప్రసాదం ఎవరికైనా స్ఫురిస్తాయి. పడవ మాత్రం స్ఫురించదు. మాది డెల్టాకు ఎగువన ఉన్న మెట్ట ప్రాంతం. కొండ పాదాన పంపానది ఉన్నది గాని అది ప్రయాణానికి ఉపకరించే నది కాదు. కార్తీకమాసంలో క్షీరాబ్ది ద్వాదశి నాటి రాత్రి దీపాల నడుమ స్వామివారి తెప్ప పంప నీటిలో తిరుగుతుంటే మా ఊరు ఊరంతా గట్టు మీద నిలిచి చూస్తుంది. ఆ ఒక్క రాత్రి తప్పితే మా ఊరివారికి జలయానంతో నిమిత్తం లేదు. అయినను మా తల్లిగారి వైపువారు పడవ దిగి ఈ ఊరు చేరినవారే. మా మాతామహులు, అనగా ఇంట్లో మేము నానా అని పిలుచుకొన్నవారు, గోదావరి కాలువలలో తెరచాప పడవ నడిపినారు. మా నానీ పెండ్లియైన నాటి నుండి పది సంవత్సరాలకు పైగా ఆ పడవ మీదనే కాపురం చేసినారు.

నదుల గురించి, పడవల గురించి మన సాహిత్యంలో కొదువ లేదు. గాలిని, వెన్నెలను, సరంగు పాటను వర్ణించని కవి అరుదు. చలనచిత్రాలలో 1973 నాటి 'అందాల రాముడు', 2006 నాటి 'గోదావరి' లాంచి ప్రయాణాన్ని ఇంటింటికీ తెచ్చినవి. కాని అంతమంది స్త్రీ పురుషులు, పసిపిల్లలు, వృద్ధులు పడవ మీద రోజులు గడుపుతుంటే వారి స్నానానికి వేణ్ణీళ్ళు ఎక్కడ కాచినారని అడిగినవారు మాకు కనబడలేదు. నానీ మాత్రం పడవ ప్రస్తావన ఎత్తితే మొదట చెప్పేది అదే. "చుట్టూ నీళ్ళే బాబూ, ఒక చెంబెడు వెచ్చటి నీళ్ళకు మొహం వాచిపోయేవాళ్ళం" అనేవారు. ఈ వ్యాసం ఆ చెంబెడు నీళ్ళను గురించినది.

విద్యార్థి మిత్రులకు కాలువల సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. దాని నుండి బయలుదేరిన కాలువలు వరిపొలాల కొరకే త్రవ్వినవని నేడు చాలమంది భావిస్తున్నారు. సర్ ఆర్థర్ కాటన్ దృష్టిలో అవి రహదారులు కూడ. రైలుదారికంటె నీటిదారి చవుక అని ఆయన ఎంతో కాలం వాదించినారు. కాకినాడలో బయలుదేరిన పడవ గోదావరి దాటి, ఏలూరు కాలువలో బెజవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ గుండా పోయి, పెదగంజాం వద్ద బకింగుహాము కాలువను అందుకొని మద్రాసు పట్టణం చేరగలిగేది. ఆ బకింగుహాము కాలువలో కొంత భాగం 1876-78 నాటి ధాత కరువులో ఆకలిగొన్న కూలీల చేత త్రవ్వించినది. అన్నం కొరకు త్రవ్విన దారి మీద అన్నం పండించే డెల్టా ధాన్యం ఒక శతాబ్దం పాటు నడిచినది.

నానా పడవ పొడవు యాభై అడుగులకు పైమాట. మధ్యన సరుకు, దాని మీద వెదురు తడికలతో తాటాకు గూడు, వెనుక చుక్కాని పట్టే చోట నాలుగు మూరల మేర కాపురం. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గెడ, అదియు సాగకుంటే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకొని లాగడం. వంతెన వచ్చినప్పుడెల్లా కొయ్య దించవలెను, దాటగానే ఎత్తవలెను. లాకు వచ్చినప్పుడు ఎగువ దిగువ నీటిమట్టాలు సమమయ్యే వరకు రెండు తలుపుల నడుమ వేచి ఉండవలెను. చీకటి పడితే లాకు తెరవరు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పడవ బురదలో కూర్చుండేది. ఆ రోజులలో దానికి మరమ్మతులు, నానీకి నేల మీద నడక.

ఇక పొయ్యి. గుగ్గిలం, నూనె పట్టించిన చెక్క నిప్పుకు ఎంత ఆశపడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత పడవ వెనుక భాగాన ఒక చెక్కపెట్టెలో జానెడు మందం ఇసుక పోసి, ఆ ఇసుక మీద బంకమట్టితో పొయ్యి వేసేవారు. పక్కన ఒక నీళ్ళ కుండ ఎప్పుడును నిండి ఉండవలెనని నానా కట్టడి. కాలువ అంత దగ్గర ఉండగా కుండ ఎందుకని మేము చిన్నతనంలో అడిగితే, "మంట లేచినప్పుడు వంగి ముంచుకొనే తీరిక ఉండదు" అన్నారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. నానీ చెప్పే వరకు మాకు తోచనిది. తెరచాపకు పనికివచ్చే గాలి వెనుక నుండి వస్తుంది. పొయ్యి వెనుకనే ఉన్నది. గాలి బాగా వీస్తే నిప్పురవ్వలు ముందుకు, తాటాకు గూడు మీదికి, తెరచాప మీదికి ఎగిరిపోతాయి. కనుక చాప ఎత్తిన వేళ పొయ్యి ఆర్పి ఉండవలెను. మంచి గాలి దొరికిన రోజు నానాకు పండుగ. నానీకి చన్నీళ్ళ రోజు, చద్దన్నం రోజు. గాలి లేక పడవ గట్టున కట్టివేసి మగవారు దిగులుగా కూర్చున్న నాడు పొయ్యి వెలిగేది, నీళ్ళు కాగేవి, పిల్లలకు తలంట్లు జరిగేవి. ఒకే పడవలో ఒకే గాలిని ఇద్దరు రెండు తీరుల కోరుకొన్నారు.

పుష్యమాసంలో కాలువ మీద మంచు దట్టంగా దిగుతుంది. ఫజర్ నమాజు వేళకు నానాకు వజూ కొరకు బద్నాలో వేణ్ణీళ్ళు ఉండవలెను. అదే మొదటి చెంబు. రెండవది తాడు లాగి పుండ్లు పడిన కూలివాని కాళ్ళకు. మూడవది పిల్లలకు. "మిగిలితే నాకు" అనేవారు నానీ. మిగిలినట్లు మేము ఎన్నడును వినలేదు. కట్టెలు కొనవలసిన వస్తువు. గట్టున దొరికే తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు ఏరుకొనేవారు. వంటకు సరిపడగా ఉన్నదే పొయ్యికి హక్కు.

1963లో మా అమ్మ పుట్టుక ఆ పడవ మీదనే జరిగినది. పురిటికి పుట్టినిల్లు చేరవలెనని బయలుదేరినారట గాని, ముసురు పట్టి, ఎదురుగాలి వీచి, ఏలూరు కాలువలో నిడదవోలు దాటి తాడేపల్లిగూడెం చేరక మునుపే నొప్పులు వచ్చినవి. రాత్రి ఒక లాకు దిగువన పడవ కట్టివేసినారు. నానా వానలో పోయి సమీప గ్రామం నుండి మంత్రసానిని పిలుచుకొని వచ్చినారు. ఆమె వచ్చీ రాగానే అడిగినది వేణ్ణీళ్ళు. కట్టెలు మూడు రోజులుగా తడిసి ఉన్నవి. కుండ అడుగున దాచిన కొబ్బరి డొక్కలు నాలుగైదు మాత్రం పొడిగా ఉన్నవి.

అదే లాకు వద్ద ఆ రాత్రి ఒక డీజిలు లాంచి ఆగి ఉన్నది. నానాకు లాంచీలంటే గిట్టదు. వాటి అల తగిలి గట్లు కోసుకొనిపోతాయి, చిన్న పడవలు తల్లడిల్లుతాయి. "గాలి అల్లా ఇచ్చేది, నూనె దుకాణదారుడు ఇచ్చేది" అని ఎగతాళి చేసేవారు. ఆ రాత్రి మాత్రం ఆయన పోయి లాంచి డ్రైవరును లేపినారు. ఆనాటి చిన్న ఇంజనులకు వేడి తగ్గించే ఏర్పాటు సులువైనది: కాలువ నీటినే పంపుతో లోపలికి లాగి, సిలిండరు చుట్టూ తిప్పి, పక్క గొట్టం ద్వారా తిరిగి కాలువలోకి వదిలేవారు. ఆ గొట్టం నుండి వచ్చే నీరు వేడిగా ఉంటుంది. డ్రైవరు మారుమాట లేకుండ ఇంజను నడిపించినాడు. కట్టివేసి ఉన్న లాంచిలో ఇంజనుకు బరువు తక్కువ, కనుక వేడియు తక్కువే. తగినంత నీరు కాగడానికి అరగంట పట్టినదని నానీ చెప్పేవారు. ఒక గంగాళం నిండుగా తెచ్చినారు.

ఇక్కడ మంత్రసాని చేసిన పనిని మేము తలచుకోకుండ ఉండలేము. ఆమె చదువుకొన్నది కాదు. ఇంజను నీటిని చేతితో చూచి, "ఇవి వేడి నీళ్ళు, మరిగిన నీళ్ళు కావు" అన్నదట. ఉన్న కొబ్బరి డొక్కలతో గిన్నెడు నీళ్ళు తెర్లించి అందులో కత్తిని, దారాన్ని ఉడికించినది. గంగాళంలోని నీటిని ఒంటికి, బట్టలకు, బిడ్డ స్నానానికి వాడినది. వేడికి, మరుగుకు గల ఆ భేదాన్ని మా కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించేవారు నల్లబల్ల మీద వ్రాసి చెబుతారు. ఆ రాత్రి కాలువ గట్టున దానిని పాటించిన ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెల్లవారగానే లాకు తెరిచినారు, పడవ కదిలినది.

ఆ తరువాత నానీ ఊరుకోలేదు. నేల మీద ఇల్లయినా కావలెను, పడవకు ఇంజనైనా కావలెను అన్నారు. నాలుగేండ్లకు నానా అప్పు చేసి పాత డీజిలు ఇంజను కొని పడవలో దింపించినారు. కొయ్య తీసివేసినారు. వేణ్ణీళ్ళకు కొదువ తీరినది. పది హార్స్ పవరు ఇంజను బరువు లాగుతూ నడిచేటప్పుడు దాని చుట్టూ తిరిగిన నీరు ఆరేడు నిమిషాలలో ఒక బకెట్టును స్నానానికి తగిన వేడికి తేగలదు. ఇంచుమించుగా చెప్పవలెనంటే డీజిలులోని శక్తిలో మూడవ వంతే పడవను నడుపుతుంది. తక్కినది పొగలోను, నీటిలోను వేడిగా పోతుంది. మేము భౌతికశాస్త్ర అధ్యాపకులము కాము గాని ఈ లెక్క మా సహాధ్యాపకుల వద్ద సరిచూచుకొన్నాము.

కాని ఇంజనుకు చోటు కావలెను. చుక్కానికి, పంకాకు దగ్గరగా, పడవ వెనుక భాగాననే కావలెను. అనగా పొయ్యి ఉన్న చోట, పిల్లలు పడుకొన్న చోట. ఆ నాలుగు మూరల కాపురం ఇంజను గది అయినది. చమురు వాసన, చెవులు గళ్ళుపడే మోత, అప్పు వాయిదా కొరకు ఆగకుండ తిరగవలసిన తొందర. చాప పడవ గాలి కొరకు ఆగేది; ఆ ఆగినప్పుడే ఇల్లు నడిచేది. ఇంజను పడవ దేనికొరకూ ఆగదు. ఆరు నెలలు తిరగక ముందే నానీ పిల్లలతో గట్టెక్కి, అన్నవరంలో టీ దుకాణం నడుపుతున్న తమ్ముని పంచన చేరినారు. వేణ్ణీళ్ళు ఎవరి కొరకు తెచ్చినారో వారు దిగిపోయిన తరువాత ఆ వేడి నీరంతా తిరిగి కాలువలోనే పడినది.

నానా మరి కొన్నేండ్లు నడిపినారు. లారీలు వచ్చినవి. 1974లో రాజమహేంద్రవరం వద్ద రోడ్డు, రైలు కలిసిన వంతెన తెరుచుకొన్నది. కాలువ మీద సరుకు తగ్గుతూ వచ్చి, చివరకు పడవను చెక్క ధరకు అమ్మి ఆయనయును అన్నవరం చేరినారు. ఇక్కడ వారు చేసిన వ్యాపారం వింటే మీకు నవ్వు రావచ్చు. కార్తీకమాసంలో తెల్లవారుజామున కొండకు పోయే యాత్రికులకు బకెట్ల లెక్కన వేణ్ణీళ్ళు అమ్మినారు. పెద్ద రాగి బాయిలరు. ఉర్దూలో దానిని హమామ్ అంటాము. ఊకతో, రంపపు పొట్టుతో కాచేవారు. చంటిపిల్లల తల్లుల వద్ద నానీ డబ్బు తీసుకొనేవారు కారు. నానా దానికి సణుగుతూ ఉండేవారు. లెక్కలో ఆ బకెట్లను వేరుగా గీతలు గీచి ఉంచడం మేము చూచినాము.

2018 మే నెలలో 'తారిణి' గోవా చేరిన వార్త దూరదర్శనిలో వచ్చినప్పుడు నానీ మా పక్కన కూర్చుండి ఉన్నారు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 55 అడుగుల తెరచాప నౌకలో 254 రోజులు ప్రయాణించి భూమిని చుట్టి వచ్చినారు. వారిలో విశాఖపట్టణానికి చెందిన స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రాన్ని దాటే చలిని గురించి వార్తలో చెబుతుండగా నానీ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ పిల్లలకు వేణ్ణీళ్ళెక్కడివి?"

ఆ నౌకలోని ఏర్పాట్లు చూచే అవకాశం మాకు లేదు. కాని సముద్రం మీద తెరచాప పడవలలో కాపురముండేవారి గురించి చదివి ఆమెకు వివరించినాము. చలి దేశాలలో ఏళ్ళ తరబడి అట్లు నివసించే కుటుంబాలు ఉన్నవి. వారి పడవ గాలితో నడుస్తుంది. రేవులోకి రాకపోకలకు, గాలి లేని వేళలకు చిన్న డీజిలు ఇంజను ఉంటుంది. ఆ ఇంజను నడిచినప్పుడు దాని వేడి నీటిని ఒక రాగి చుట్ట గుండా, చలి తగలకుండ కప్పిన తొట్టిలోకి పంపుతారు. చుట్టలోని నీరు తొట్టిలోని మంచినీటితో కలవదు, వేడి మాత్రం దిగుతుంది. తొట్టి కొన్ని గంటలపాటు వెచ్చగా ఉంటుంది. ఇంజను ఆపి చాప మీద నడిచే రోజులకు వేరే సాధనం ఉన్నది: పుస్తకాల సంచి అంత పెట్టెలో డీజిలును కొద్దికొద్దిగా మండించి నీటిని కాచే పొయ్యి. ఒక స్నానానికి సరిపడే బకెట్టు నీటిని ముప్పై డిగ్రీలు పెంచడానికి వంద మిల్లీలీటర్ల డీజిలు చాలును. బాటరీ కరెంటు కొంత కావలెను. అదే నీటిని గొట్టాల గుండా గదిలో తిప్పి గది వెచ్చబరుస్తారు.

గదిలో మంటపెట్టి చలి కాచుకొంటే సరిపోదా అని నానీ సందేహం. సరిపోదు. కిరసనాయిలు గాని డీజిలు గాని మండితే ఆవిరి పుడుతుంది. లీటరు నూనె కాలితే లీటరుకు పైగా నీరు గాలిలో చేరి, గోడలకు, పరుపులకు చెమ్మగా పడుతుంది. అంతకంటె ప్రమాదకరమైనది, మూసిన గదిలో పోగయ్యే విషవాయువు, కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుచేత ఆ డీజిలు పొయ్యి తన గాలిని బయటి నుండి తీసుకొని, తన పొగను వేరే గొట్టంతో బయటికే పంపుతుంది. హాస్టలు గదులలో చలికాలం బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసే అలవాటున్నవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకొనవలెనని మా కోరిక.

నానీ అంతయు విని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే నడక గాలికి, పొయ్యి డీజిలుకు. మీ నానా దీన్ని తిరగేసి కట్టినాడు" అన్నారు.

మేము ఎన్ని గ్రంథాలు తిరగవేసినను ఆ మాటకంటె సూటియైన వివరణ దొరకలేదు. మన కాలువల మీద డీజిలు వచ్చి చాపను తొలగించినది, కాపురాన్ని తొలగించినది. వేణ్ణీళ్ళు దాని ఉచ్ఛిష్టంగా మిగిలినవి. చాపను ఉంచి, ఆ నూనెలో వందవ వంతు పొయ్యికి మాత్రం వాడుకొని ఉంటే ఏమి జరిగి ఉండేదో చెప్పలేము. లారీలు ఎట్లయినను వచ్చేవి. సరుకు ఎట్లయినను పోయేది. మేము గాలికాలం తిరిగి రావలెనని కోరేవారము కాము. తాడు లాగినవాని భుజం పుండు చూచినవారెవరును అట్లు కోరరు. కాని ఆ పది సంవత్సరాలు నానీకి వేణ్ణీళ్ళు దక్కకపోవడం విధి కాదని, పొయ్యిని గురించి ఆలోచించినవారు లేకపోవడమని మాత్రం అనగలము.

2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలను, భద్రాచలం, రాజమహేంద్రవరముల నడుమ గోదావరిని, వజీరాబాదు, విజయవాడల నడుమ కృష్ణను కలిపి 1078 కిలోమీటర్ల మేర నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినారు. దానిని గురించిన చర్చలలో సరుకుల టన్నుల లెక్క వినబడినంతగా ఆ పడవలలో రాత్రింబవళ్ళు గడపవలసిన మనుషుల ఊసు వినబడదు. మన విద్యార్థులలో ఎవరైనా రేపు ఇంజనీర్లై ఆ పడవల నమూనాలు గీయవచ్చును. ఇంజను గీచిన తరువాత మిగిలిన చోటులో పొయ్యి పెట్టరాదని నానీ తరఫున విన్నవిస్తున్నాము.

మూడేండ్ల క్రితం నానీ గతించినారు. ఇటీవల ఒక కార్యాలయంలో మా అమ్మ జన్మస్థలానికి ఆధారం అడిగినారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం క్రింద చేసిన నియమాలలో, నడుస్తున్న వాహనంలో పుట్టిన బిడ్డను ఆ వాహనం మొదట ఆగిన చోట నమోదు చేయించవలెనని ఏర్పాటు ఉన్నది. మా అమ్మ అంతకు ఆరేండ్లు ముందు పుట్టినది. ఏ గ్రామపు పుస్తకంలోను ఆమె పేరు ఎక్కలేదు. ఉన్న ఆధారమంతయు అన్నవరం బడిలో చేర్పించిన నాటి రికార్డు. ఆనాడు ప్రధానోపాధ్యాయులు "పుట్టిన ఊరు?" అని అడిగితే నానీ "ఏలూరు కాలువ" అని చెప్పినారట. "కాలువ ఊరు కాదు కదమ్మా, ఊరు చెప్పండి" అన్నారాయన. "ఊరు లేదు బాబూ, రెండు లాకుల మధ్య" అన్నారు నానీ. ఆయన కొంతసేపు కలం పట్టుకొని ఆలోచించి, అన్నవరం అని వ్రాసుకొన్నారు.